పోర్ట్ బ్లెయిర్‌లో దిగి దీవులకి చేరడం: అమ్మానాన్నలతో నా అనుభవం

కిందటి నవంబర్‌లో అమ్మని నాన్నని తీసుకుని అండమాన్ వెళ్ళొచ్చాను. హోటళ్ళు, బీచ్‌ల ఫోటోలు అందరూ పెడతారు కానీ ఎయిర్‌పోర్ట్‌లో దిగిన మనిషి ఊళ్ళోకి ఎలా వెళ్తాడు, అక్కడి నుంచి దీవికి ఎలా వెళ్తాడు, మధ్యలో ఎక్కడ ఇరుక్కుంటాడు అనేది నాకు ఎక్కడా సరిగ్గా దొరకలేదు, తెలియక మొదటి రోజే దెబ్బ తిన్నాను, అందుకే ఇదంతా రాస్తున్నా. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

ముందు ఒక విషయం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా వైపు పాత రోజుల్లో బతుకుదెరువుకి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళేవాళ్ళు, ఆ తర్వాత కాలంలో అండమాన్ వెళ్ళారు, విశాఖలో ఓడ ఎక్కితే రెండున్నర మూడు రోజులకి పోర్ట్ బ్లెయిర్. మా చిన్నతాత, అంటే నాన్నకి బాబాయి, అలాగే వెళ్ళి చాతంలో కర్ర మిల్లులో పనిచేశాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నాన్న ఎప్పుడు మాట వచ్చినా "మా బాబాయి ఉన్న చోటు ఒకసారి చూడాలిరా" అనేవాడు. ఈ ప్రయాణం అసలు దానికోసమే, బీచ్‌లు ఆ తర్వాత.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్, రెండు గంటల చిల్లర. టికెట్లు, హోటళ్ళు, ఫెర్రీ అన్నీ ఒక ఏజెంట్‌కి ఇచ్చేశాను, ఆఫీసు పనిలో నాకు కుదరక. ఆయన వేసిన ప్లాన్ ఏంటంటే పొద్దున్న తొమ్మిదింటికి దిగడం, పదకొండున్నరకి ప్రైవేటు ఫెర్రీ ఎక్కేసి మధ్యాహ్నం భోజనానికి హేవ్‌లాక్ దీవిలో ఉండడం. కాగితం మీద చూస్తే రెండున్నర గంటల టైముంది కదా అనుకున్నాను, ఇంకేం అడగలేదు. అడగాల్సింది. ఫ్లైట్ హైదరాబాద్‌లోనే గంటన్నర లేటుగా లేచింది.

విమానం కిందకి దిగుతుంటే కిటికీలోంచి కనపడేది మాత్రం మాటల్లో చెప్పలేను. అంతసేపూ నీలంగా ఉన్న సముద్రం ఒక్కసారిగా అంచుల్లో పచ్చగా, ఇంకా లోపలికి వస్తే లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా మారుతుంది, మధ్యలో అడవి. అమ్మ "కొబ్బరితోటలా ఉందిరా అంతా" అంది. కొత్త టెర్మినల్ 2023 జులైలో మొదలైంది, పైనుంచి చూస్తే శంఖం ఆకారం, లోపల విశాలంగా శుభ్రంగా ఉంది, వీల్‌చైర్ ముందే అడిగి పెట్టుకున్నాం కాబట్టి నాన్నకి ఇబ్బంది లేదు. రన్‌వే నేవీది, మన సివిల్ విమానాలు కూడా దాన్నే వాడతాయి, అందుకని ఒక విమానం లేటైతే వెనకాల వచ్చేవాటి మీద కూడా ఆ ప్రభావం పడుతుందట. సామాను బెల్టు మీదకి వచ్చేసరికి పదకొండు దాటింది.

అక్కడి నుంచి ఫెర్రీ వాళ్ళకి ఫోన్ చేస్తే "చెక్ ఇన్ క్లోజ్ అయిపోయింది సార్" అన్నారు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే ఇది బస్సు ఎక్కినట్టు కాదు, ప్రైవేటు ఫెర్రీలకి విమానంలాగే సామాను స్కానింగు, ఆధార్ చూడడం, బోర్డింగ్ పాస్ అన్నీ ఉంటాయి, గంట ముందు అక్కడ ఉండమంటారు. అంటే ఆ పదకొండున్నర ఫెర్రీ నిజానికి పదిన్నర ఫెర్రీ. ముగ్గురి టికెట్ల డబ్బులు పోయాయి. ఏజెంట్‌కి చేస్తే ఆయన ఫోన్ ఎత్తలేదు, సాయంత్రం మెసేజ్ పెట్టాడు ఫ్లైట్ లేటుకి మా బాధ్యత ఉండదని. నాన్న ఏమీ అనలేదు, బ్యాగు మీద చెయ్యి వేసుకుని అలా కూర్చున్నాడు, నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

సరే బయటికి వచ్చాం. మనకి అలవాటైన క్యాబ్ యాప్ తెరిస్తే ఏమీ దొరకలేదు. టాక్సీలు, ఆటోలు ఉంటాయి, మీటరు అనేది లేదు, రేటు ఎక్కేముందే మాట్లాడుకోవాలి. ఎయిర్‌పోర్ట్ ఉన్నది లంబా లైన్ అనే చోట, ఊరి నడిబొడ్డు అబర్డీన్ బజార్‌కి మూడు నాలుగు కిలోమీటర్లే, కొండ ఎక్కి దిగే రోడ్లు. సామాను తక్కువున్న కుర్రాళ్ళయితే మెయిన్ రోడ్డు మీదకి నడిచి సిటీ బస్సు పట్టుకోవచ్చు, పది ఇరవై రూపాయల్లో అయిపోతుంది. మేము ఆటో అడిగాం, నేను హిందీలో మాట్లాడుతున్నా, వెనకాల అమ్మ "రెండొందలు చెప్తున్నాడేటి, దగ్గరే కదా" అంది తెలుగులో. ఆటో ఆయన వెనక్కి తిరిగి "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు.

బొబ్బిలి అన్నాను. "మాది సోంపేట పక్క. ముప్ఫయ్యేళ్ళయింది వచ్చి. ఎక్కండి, నూట యాభై ఇవ్వండి" అన్నాడు. అక్కడి నుంచి మా ప్రయాణం తీరే మారిపోయింది. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినపడడం వింత కాదు, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో వందకి పదమూడు మంది మాతృభాష తెలుగు అని ఉంది, అందులో ఎక్కువ మంది మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్ళే అని ఆయనే చెప్పాడు. చేపల వ్యాపారం, కూలి పని, కట్టుబడి పని, ఆటోలు, తర్వాత తరం ఉద్యోగాలు. ఊరి పేరు 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం, కానీ ఆటో ఆయన దగ్గర్నుంచి హోటల్ దాకా అందరూ పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. దీవుల పేర్లు కూడా 2018 డిసెంబర్‌లో మార్చారు, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. టికెట్ మీద కొత్త పేరుంటుంది, మనుషుల నోట్లో పాత పేరుంటుంది, రెండూ తెలిసి ఉంటే కంగారు పడరు.

జరిగింది చెప్తే ఆయన అన్న మాట నేను ఇప్పుడు అందరికీ చెప్తున్నా. "దిగిన రోజు ఎవరూ ఓడ పెట్టుకోకూడదు బాబూ. ఆ రోజు ఊళ్ళో ఉండాలి, మర్నాడు పొద్దున్న వెళ్ళాలి. తిరిగొచ్చేటప్పుడు కూడా ఒక రోజు ముందే ఊళ్ళోకి వచ్చేయాలి. సముద్రం మీద ఎవరి మాటా చెల్లదు." హోటల్‌కి కాకుండా నేరుగా ఫీనిక్స్ బే జెట్టీకి తీసుకెళ్ళాడు. ఇంకోటి, ప్రైవేటు ఫెర్రీలు హడ్డో రేవు నుంచి కదులుతాయి, ప్రభుత్వ ఓడలు ఫీనిక్స్ బే నుంచి. రెండూ వేరు వేరు చోట్లు. రాస్, నార్త్ బే వెళ్ళే చిన్న బోట్లు మళ్ళీ అబర్డీన్ జెట్టీ నుంచి, వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర. ఆటో ఎక్కి ఊరికే "జెట్టీ" అంటే సరిపోదు, ఏ జెట్టీనో చెప్పాలి.

ఫీనిక్స్ బేలో షిప్పింగ్ డిపార్ట్‌మెంట్ కౌంటర్ ఉంటుంది. ఫారం నింపాలి, పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు, జిరాక్స్‌లు దగ్గర పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కూడా ఇస్తారు కానీ సీజన్‌లో అయిపోతూ ఉంటాయి. లోకల్ వాళ్ళకి వేరే క్యూ, వేరే రేటు, అది న్యాయమే, వాళ్ళకి అది మన పల్లె బస్సు లాంటిది, ఆసుపత్రికి వెళ్ళాలన్నా సరుకు తేవాలన్నా ఆ ఓడే. నలభై నిమిషాలు నిలబడ్డాక ఆ రోజు మధ్యాహ్నం ఓడకి లేవన్నారు, మర్నాడు తెల్లవారుఝాము ఓడకి మూడు దొరికాయి. ఖర్చు ప్రైవేటు టికెట్‌లో సగం కూడా కాలేదు.

అలా ఆ రోజు ఊళ్ళో ఉండిపోయాం, సెల్యులార్ జైలు చూశాం. నిజానికి ఏజెంట్ ప్లాన్‌లో దానికి చివరి రోజు గంట టైమిచ్చాడు, గంట చాలదు. 1896 లో మొదలుపెట్టి 1906 లో పూర్తి చేశారు, ఏడు రెక్కల్లా ఏడు విభాగాలు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలో నిలబడితే ఎదురుగా కనపడేది పక్క విభాగం వీపు మాత్రమే, ఒక ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడకుండా కట్టారు. నాన్న చిన్నప్పుడు మా ఊళ్ళో "ద్వీపాంతరం పంపించేస్తారు" అని పిల్లల్ని భయపెట్టేవారట, ఆ మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది అన్నాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరని అండమానే పంపారు, ఆయన తిరిగొచ్చి 1952 లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఆ సంగతి నాన్నకి తెలుసు, నాకు తెలీదు. గోడ మీద చెయ్యి పెట్టి ఆ కథంతా చెప్పాడు నాకు.

ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. మన గడియారమే కానీ సూర్యుడు చాలా ముందు. పొద్దున్న ఐదింటికి తెల్లగా తెల్లారిపోతుంది. అందుకే ఓడలు, బోట్లు, షాపులు అన్నీ ముందుకి జరిగి ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి ఎక్కడికైనా బయల్దేరదాం అనుకునే అలవాటు అక్కడ పనికిరాదు.

మర్నాడు ఐదింటికే జెట్టీలో ఉన్నాం, ఆటో ఆయనే వచ్చాడు. ప్రభుత్వ ఓడలో కింద ఏసీ హాలు, సీట్లు ఉంటాయి, కానీ అసలు సుఖం పైన డెక్ మీద. ప్రైవేటు వాటిల్లో చాలావాటికి బయటికి రానివ్వరు, అద్దాల్లోంచే చూడాలి. అవి గంటన్నరలో చేరుస్తాయి, ఇది రెండున్నర గంటలు, నాకైతే ఆ గంట ఎక్కువే కావాలనిపించింది. రేవు దాటుతుంటే కుడివైపు రాస్ దీవి, ఎడమవైపు నార్త్ బే, కొండ మొదట్లో ఎర్రచారల లైట్‌హౌస్. పక్కన ఒకాయన జేబులోంచి పాత ఇరవై రూపాయల నోటు తీసి, ఆ ఎర్రరంగుది, వెనక బొమ్మ చూపించాడు. అదే కొండ, అదే లైట్‌హౌస్, ముందు కొబ్బరిచెట్లు. ఇన్నేళ్ళు చేతులు మారిన నోటు, ఎప్పుడూ తిప్పి చూసుకోలేదు. నాన్న ఆ నోటు తీసుకుని కళ్ళజోడు పైకి పెట్టి ఒకసారి నోటు, ఒకసారి కొండ, ఒకసారి నోటు, అలా చూస్తూనే ఉన్నాడు. చివరికి ఆయనకి కొత్త ఇరవై ఇచ్చి ఆ పాత నోటు అడిగి తీసుకున్నాడు.

బయట సముద్రంలోకి వచ్చాక ఓడ ఊగింది. అమ్మకి అరగంట ముందే వాంతి మాత్ర వేశాను, అది చాలా మేలు చేసింది, అయినా మధ్యలో కళ్ళు తిరిగితే డెక్ మీద గాలికి కూర్చోబెట్టి దూరంగా ఉన్న దీవినే చూస్తూ ఉండమన్నారు ఓడ వాళ్ళు, సర్దుకుంది. ఎక్కేముందు టిఫిన్ కడుపు నిండా పెట్టొద్దు, ఖాళీ కడుపూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. నీళ్ళ మీద ఎగిరే చేపలు చూశాం, గుప్పెడంత ఉంటాయి, నీళ్ళలోంచి లేచి పిచ్చుకల్లా పది పదిహేను గజాలు పోయి మళ్ళీ మునుగుతాయి. అమ్మ ఊరికి వచ్చాక బీచ్ గురించి ఎవరికీ చెప్పలేదు, చేపలు ఎగిరాయని మాత్రం అందరికీ చెప్పింది.

హేవ్‌లాక్ గురించి క్లుప్తంగా రాస్తా, దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఊళ్ళకి పేర్లతో పాటు నంబర్లు వాడతారు, మూడో నంబర్ అంటే గోవింద్ నగర్ బజారు, ఐదు విజయ్ నగర్, ఏడు రాధానగర్. జెట్టీ నుంచి రాధానగర్ దాదాపు పన్నెండు కిలోమీటర్లు. కుర్రాళ్ళయితే స్కూటీ అద్దెకి తీసుకోండి, మేము ఆటో. రాధానగర్‌లో నిజంగా అంత తెల్ల ఇసుక, అంత నిమ్మళమైన నీళ్ళు, నాన్న మోకాళ్ళ దాకా దిగి గంటసేపు ఉన్నాడు. చీకటి పడకముందే గార్డులు ఈల వేసి పైకి పంపేస్తారు, మూడింటికల్లా అక్కడుంటేనే తృప్తిగా చూడగలరు.

రెండు రాత్రులు ఉండి నీల్‌కి వెళ్ళాం, గంట లోపు ప్రయాణం. నీల్ నాకు ఎక్కువ నచ్చింది. చిన్న దీవి, వరిచేలు, కూరగాయల తోటలు, అరటి, అంతా రైతుల ఊరు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళకి భూములిచ్చి స్థిరపరిచిన చోటు. ఊళ్ళ పేర్లు వినండి, రామ్ నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అమ్మకి ఆ పేర్లు వినగానే ప్రాణం లేచొచ్చింది. జెట్టీ దిగితే పక్కనే భరత్‌పూర్ బీచ్. లక్ష్మణ్‌పూర్‌లో రాతి వంతెన ఉంది, సముద్రం తొలిచిన రాయి, లోకల్ వాళ్ళు హౌరా బ్రిడ్జి అని కూడా అంటారు. దాని దగ్గరికి పాటు మీదే, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే వెళ్ళగలం, పోటు సమయంలో రాళ్ళ మీదకి నీళ్ళొచ్చేస్తాయి, ఆ రోజు ఎన్నింటికో హోటల్లో అడిగి వెళ్ళండి. రాళ్ళు పదునుగా, నాచుతో జారుతూ ఉంటాయి, పెద్దవాళ్ళకి వద్దు. నేను ఒక్కణ్ణే వెళ్ళొచ్చాను.

ఆ రాత్రి గాలి మొదలైంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఫోన్‌లో వచ్చింది. పొద్దున్నే ప్రైవేటు ఫెర్రీ క్యాన్సిల్ అని మెసేజ్. జెట్టీకి వెళ్తే వందమందికి పైనే ఉన్నారు, అందులో ఒక కొత్త జంటకి అదే రోజు మధ్యాహ్నం ఫ్లైట్, ఆ అమ్మాయి ఏడుస్తోంది, ఎవరూ ఏం చేయలేని పరిస్థితి, సముద్రం ఒక్కటే దారి అక్కడ. ఆ క్షణంలో నాకు మా ఆటో ఆయన మాట గుర్తొచ్చింది. మొదటి రోజు రాత్రే ఏజెంట్ ప్లాన్ పక్కన పెట్టి, హోటళ్ళకి నేనే ఫోన్ చేసి రోజులు మార్చుకుని, చివర మూడు రాత్రులు ఊళ్ళో ఉండేలా పెట్టుకున్నాను. లేకపోతే మేము కూడా ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉండేవాళ్ళం.

హోటల్ ఆవిడ ఇంకో రాత్రి ఉండమని, పప్పు, అన్నం, చేప వేపుడు పెట్టింది, రోజంతా వరండాలో కూర్చుని వాన చూశాం. మర్నాటికి గాలి తగ్గింది. చిన్న స్పీడు ఫెర్రీలు ఇంకా మొదలవలేదు కానీ ప్రభుత్వ ఓడ వచ్చింది. కౌంటర్ తెరవకముందే వెళ్ళి లైన్‌లో ఉన్నాను, మూడు టికెట్లు దొరికాయి. ప్రైవేటు వాళ్ళు క్యాన్సిల్ చేసిన డబ్బు తర్వాత అకౌంట్‌లో పడింది, అది మాత్రం చెప్పాలి, వాళ్ళే ఆపేస్తే వెనక్కి ఇస్తారు, మనం లేటైతే ఇవ్వరు.

ఊళ్ళో చేరిన మర్నాడు బుధవారం. రాస్ దీవి చూద్దామనుకుంటే బుధవారం సెలవు. మీరు వెళ్ళేటప్పుడు బుధవారం తప్పించి పెట్టుకోండి. మేము పొద్దున్నే చాతం వెళ్ళాం, అది కూడా చిన్న దీవే కానీ వంతెన ఉంది కాబట్టి ఆటోలోనే పోవచ్చు. ఆ మిల్లు 1883 లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. టికెట్ తీసుకుని లోపలికి పోతే దుంగలు నీళ్ళ దగ్గర్నుంచి లాక్కొచ్చే చోటు, పెద్ద రంపాలు, ఒక మ్యూజియం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబు పడిన గొయ్యి కూడా అలాగే ఉంచారు.

నాన్న అవేవీ చూడలేదు. రంపం కింద రాలిన పొట్టు దగ్గర ఆగిపోయాడు. అది పడాక్ అనే అక్కడి చెట్టు కర్ర పొట్టు, కుంకుమలా ఎర్రగా ఉంటుంది. కొంచెం చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "బాబాయి ఊరొచ్చినప్పుడు ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే బట్టల మడతల్లో ఇదే ఉండేదిరా, మా అమ్మ దులిపితే గచ్చంతా ఎర్రగా అయ్యేది" అన్నాడు. అక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు ఏటని అడిగితే చిన్నతాత పేరు చెప్పాం, ఆయనకి తెలీదు, ఆయన చేరింది చాలా తర్వాత. అయినా నాన్న చెయ్యి పట్టుకుని పాత క్వార్టర్లు ఏ వైపు ఉండేవో, అప్పట్లో పనోళ్ళు ఎక్కడ కూర్చుని అన్నం తినేవారో తనకి తెలిసినంతా చూపించాడు. నాన్న ఒక చెట్టు కింద కూర్చున్నాడు. మేము పిలవలేదు.

గురువారం ఫ్లైట్‌కి ఆటో ఆయన రెండున్నర గంటల ముందే దింపేశాడు. సెక్యూరిటీ దగ్గర ఒక పిల్లాడి బ్యాగులో బీచ్‌లో ఏరుకున్న పగడపు ముక్కలు, గవ్వలు ఉంటే తీసి పక్కన పెట్టించారు, అవి దీవుల నుంచి పట్టుకెళ్ళకూడదు, పిల్లలకి ముందే చెప్పండి. దిగేటప్పుడు ఆటో ఆయనకి డబ్బులిస్తే అమ్మ ఆగమని, బ్యాగు అడుగున చీరలో చుట్టిన ఆవకాయ సీసా తీసి ఇచ్చింది, సగం మేం తినేశాం, సగం ఉంది. ఆయన అక్కడే మూత తీసి వాసన చూసి, "మెంతులు వేయించి కొట్టారా అమ్మా" అన్నాడు. "వేయించే కొట్టాను, ఈసారి వచ్చినప్పుడు కొత్తది తెస్తాను" అంది అమ్మ.